దైవము ఇచ్చు వేళ, మనుష్యులు చేయు జాప్యము

"దేవుడున్నాడు, ఓర్చుకొనుము." పల్నాటి సీమలో ఏ ఇంటి వసారాలో కూర్చున్నను ఏదో ఒక పూట ఈ మాట వినబడును. వాన రాని యేట రైతు ఈ మాట అనుకొని నాగలిని గోడకు చేరవేయును. ఉద్యోగపు ఉత్తరువు రాని కుమారునికి తల్లి ఈ మాట చెప్పి అన్నము వడ్డించును. పెండ్లి కుదరని కూతురి వంక చూచి తండ్రి ఈ మాటతోనే తన నిట్టూర్పును దిగమ్రింగుకొనును. మసీదులో దీనికి సబర్ అని పేరు. చర్చిలో నిరీక్షణ అని పేరు. గుడి అరుగు మీద ఓర్పు అని పేరు. పేర్లు వేరైనను అందరు నమ్మునది ఒక్కటే: ఇచ్చువాడు ఒకడున్నాడు, ఎప్పుడు ఇయ్యవలయునో ఆయనకు తెలియును.

ఈ నమ్మకము సత్యమని మేమును నమ్ముదుము. ఇది లేనిచో మా పెద్దలు ఈ రాతినేల మీద ఇన్ని తరములు నిలిచియుండెడివారు కారు. అయితే ఈ మాటను ఎవరు ఎవరితో చెప్పుచున్నారన్నది కూడ ఆలోచింపదగిన విషయము. ఆకలిగొన్నవాడు తనకు తాను చెప్పుకొనినపుడు అది విశ్వాసము. అతని గింజలను తన గాదెలో ఉంచుకొనినవాడు అదే మాట అతనితో చెప్పినచో దానిని ఏమనవలయును? విద్యార్థులారా, ఈ వ్యాసములో మేము మీతో కలసి ఆలోచింపదలచినది ఈ ఒక్క ప్రశ్నను గూర్చియే.

మా సీమకు లేమి క్రొత్త కాదు. శ్రీనాథ మహాకవి పేరిట వాడుకలోనున్న చాటువులలో పల్నాటి జొన్నకూటిని, ఇచటి నీటి ఎద్దడిని ఆక్షేపించినవి కలవు. దప్పిక తాళలేక ఆ కవి పరమేశ్వరునితోనే పరిహాసమాడి, శిరము మీది గంగను విడిచిపెట్టుమని అడిగినట్లు చెప్పు చాటువును తెలుగువారు నేటికిని చెప్పుకొని నవ్వుకొందురు. నవ్వు సంగతి అటుంచి, ఆ మాటలో ఒక సత్యమున్నది. నీరు లేని చోట మనిషి మొదట దైవమునే అడుగును, చనువుగా నిలదీయును కూడ.

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు మండలమును కరవు కబళించినది. అప్పటి సుమారు ఐదు లక్షల జనములో మూడవ వంతునకు తక్కువ కాకుండ మరణించిరని అంచనా. ఆ యేడును కృష్ణానది ఈ సీమ అంచున ప్రవహించుచునే యుండెను. తరువాత 1852లో పని మొదలై 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది. డెల్టా భూములు పచ్చబడినవి. అదే నదికి ఎగువన నున్న పల్నాడు మాత్రము మెట్టగానే మిగిలినది. దీనికి కారణము కొంత ప్రకృతిలోనే యున్నది. ఇచట నది లోతున ప్రవహించును, నేల ఎత్తున నుండును. ఆ నీరు పొలమున కెక్కవలెనన్న చాల ఎత్తైన కట్ట కావలెను. మరి కొంత కారణము మనుష్యులలో నున్నది. నదికి ఒక ఒడ్డు మద్రాసు ప్రభుత్వముది, ఎదుటి ఒడ్డు నిజాము ప్రభుత్వముది. రెండు ఒడ్డులు కలిసిరానిదే కట్ట లేవదు.

1952లో ఖోస్లా సంఘము నందికొండ పథకమును పరిశీలించి అనుకూలమని తెలిపినది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి ఆ మహా కట్టడమును లేపిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. బెజవాడ ఆనకట్ట పూర్తియైన 1855కును, సాగరము కుడికాలువలో నీరు పారిన 1967కును నడుమ 112 సంవత్సరములు. జొన్న చేలో కలుపు తీసిన ముత్తవ్వ, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు, ముగ్గురును ఆకాశము వంక చూచుచు గడిపిన కాలమది. అందులో దైవము నిర్ణయించిన వేళ ఎంత, మనుష్యులు చేసిన జాప్యమెంత అని తూచు త్రాసు మా యొద్ద లేదు. రెండును అందులో ఉన్నవని మాత్రము చెప్పగలము. ఆ రెంటిని ఒకే పేరుతో పిలుచుట వలననే పేదవాడు నష్టపోవుచున్నాడని మా అభిప్రాయము.

మొదట, నిజముగా దైవాధీనమైన దానిని గూర్చి చెప్పుకొందము. వాన అట్టిది. మృగశిర కార్తె వచ్చినను మేఘము రాని యేడులు మా రైతులు ఎన్నో చూచిరి. వాన తప్పినపుడు ముస్లిములు ఊరి వెలుపల మైదానమున చేరి ఇస్తిస్ఖా నమాజు చేయుదురు. పల్లెలలో పిల్లలు కప్పతల్లి ఆట ఆడి ఇంటింట నీరు పోయించుకొందురు. క్రైస్తవ సోదరులు ప్రార్థన కూటములు పెట్టుకొందురు. ఇట్టి చోట ఎదురుచూచుట తప్ప మానవునికి గత్యంతరము లేదు, ఆ ఎదురుచూపులో విశ్వాసము కన్న మంచి తోడును లేదు. 2023లో కృష్ణానదికి ఎగువ ప్రాంతమున వానలు సన్నగిల్లి సాగరము నిండకపోయినపుడు, ఇంత పెద్ద జలాశయము కూడ ఆకాశము మీదనే ఆధారపడి యున్నదని మేము మరల గ్రహించితిమి.

ఆ ఎదురుచూపు కూడ చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. దుక్కి దున్ని, ఎరువు తోలి, విత్తనము సిద్ధము చేసికొని ఆకాశము వంక చూచువానిని రైతు అందుము. ఏమియు చేయక ఆకాశము వంక చూచువానిని మా పల్లెలలో ఎవ్వరును భక్తుడనరు. ఒంటెను కట్టివేసి దైవమును నమ్మవలెనా, విడిచిపెట్టి నమ్మవలెనా అని ఒకరు అడిగినపుడు, కట్టివేసి నమ్ముమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించినట్లు హదీసు గ్రంథములు చెప్పుచున్నవి. తవక్కుల్ అనగా ఇదియే.

హజ్రత్ హాజిరా వృత్తాంతము దీనినే మరింత స్పష్టముగా చూపును. నీరు లేని లోయలో పసిబిడ్డతో మిగిలిన ఆ తల్లి సఫా, మర్వా కొండల నడుమ ఏడు మారులు పరుగెత్తినది. నీరు ఆమె పరుగెత్తిన చోట పుట్టలేదు, బిడ్డ యొద్ద పుట్టినది. పరుగు ఆమెది. చోటును వేళను నిర్ణయించినది దైవము. నేటికిని హజ్ యాత్రికులు ఆ కొండల నడుమ ఏడు మారులు నడుచుట ఆమె పరుగునకు స్మృతిచిహ్నము. కూర్చుండి ఎదురుచూచిన దానికి కాదు, పరుగెత్తుచు ఎదురుచూచిన దానికి ఈ గౌరవము దక్కినదని గమనింపవలయును.

ఇక రెండవ విషయమునకు వత్తము. ఖురానులోను, బైబిలులోను గల యూసుఫ్ వృత్తాంతము మన ముస్లిము, క్రైస్తవ విద్యార్థులందరికి తెలిసినదే. చేయని నేరమునకు యూసుఫ్ చెరసాలలో పడెను. తోటి ఖైదీ విడుదలయగునపుడు, తన సంగతి రాజుతో చెప్పుమని అతనిని కోరెను. ఆ మనిషి బయటకు పోయి మరచిపోయెను. యూసుఫ్ మరి కొన్ని సంవత్సరములు చెరలోనే యుండెను. ఈ వృత్తాంతమును మనము దైవ సంకల్పమునకు ఉదాహరణముగా చెప్పుకొందుము, అది సరియే. అయినను ఆ కొన్ని సంవత్సరములకు గ్రంథమే ఒక కారణము చెప్పినది: సుఖముగా బయటపడిన వాడొకడు లోపల మిగిలిన వానిని మరచిపోయెను. దైవము ఆ మరపును కూడ మేలుగా మార్చగలడు. అంతమాత్రమున మరచినవాని మరపు పుణ్యకార్యము కాజాలదు. మనలో ఎందరము బయటకు వచ్చి మంచి ఉద్యోగములలో స్థిరపడి, చెప్పవలసిన ఒక్క మాట చెప్పక మరచిన వారము!

అదే యూసుఫ్, అధికారము చేతికి వచ్చిన తరువాత, ఏడు మంచి యేడులలో ధాన్యము నిలువచేసి ఏడు కరవు యేడులలో దానిని జనులకు అందజేసెను. కరవు దైవాధీనమని ఊరకుండలేదు. తాను ఎదురుచూచుటలోని బాధ ఎరిగినవాడు కావున, ఇతరుల ఎదురుచూపును తగ్గించుటకు గాదెలు కట్టించెను.

రంజాను ఉపవాసమును తీసికొనుడు. రెంటచింతల ఎండలు వార్తలకెక్కు మాసములలో రంజాను వచ్చిన యేడులు కలవు. కుండలో చల్లని నీరుండగా నాలుక పిడచకట్టుకొని పోవుచున్నను సూర్యాస్తమయము వరకు ఆగవలసినదే. ఈ ఎదురుచూపులో రెండు విశేషములున్నవి. ఒకటి, ధనికుడును కూలివాడును ఒకే వేళకై ఎదురుచూతురు. మేడలోనివానికి అరగంట ముందుగా సూర్యుడు క్రుంకడు. రెండవది, వేళయైన వెంటనే ఉపవాసము విడువవలయునని, దానిని త్వరగా చేయుటలోనే మేలున్నదని ప్రవక్త (స) బోధించిరి. మగ్రిబ్ వేళయైన తరువాత కూడ ఖర్జూరమును నోటికి దూరముగా ఉంచుకొనినవానికి ఎక్కువ పుణ్యము రాదు. వేళ రానంతవరకు ఆగుట ఆరాధన. వేళ వచ్చిన తరువాత ఆపుట ఆరాధన కాదు.

ఈ భేదము మా పల్నాటి చరిత్రకు కూడ తెలియును. 12వ శతాబ్దమున జరిగినదని చెప్పుకొను పల్నాటి యుద్ధ గాథను వినని వారు ఈ సీమలో లేరు. కోడిపోరులో ఓడిన మలిదేవుని పక్షమువారు పందెము ప్రకారము ఏడేండ్లు రాజ్యము విడిచి వలసపోయిరి. ఆ ఏడేండ్లును వారు ఓర్చుకొనిరి. గడువు ముగిసిన తరువాత తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారిగా పంపిరి. భాగము రాలేదు. అలరాజు ప్రాణములతో తిరిగిరాలేదు. పిమ్మట కారెంపూడి రణరంగమున నెత్తురు ఏరులై పారినది. ఎదురుచూపు ఏడేండ్లు సాగినను యుద్ధము రాలేదు. గడువు తీరిన తరువాత మాట తప్పినపుడు యుద్ధము వచ్చినది. కార్తిక మాసమున కారెంపూడిలో వీరులను ఆరాధించువారు ఈ పాఠమును కూడ జ్ఞాపకముంచుకొనదగును.

నేటి కాలమునకు వత్తము. సాగరము కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు. దాని క్రింద నున్న ఆయకట్టు 11 లక్షల ఎకరములకు పైబడినది. ప్రధాన కాలువ నుండి మేజరుకు, మేజరు నుండి మైనరుకు, అచటి నుండి పంటబోదెకు నీరు దిగవలయును. కొంత భూమిని మాగాణికి, కొంత భూమిని ఆరుతడి పంటలకు కేటాయించిరి. ఎగువ రైతు ఆరుతడి నేలలో వరి నాటి రాత్రింబవళ్ళు తూము ఎత్తి యుంచినచో, చివరి భూముల రైతు ఎండిన బోదె వంక చూచుచు కూర్చుండును. జలాశయములో నీరున్నది. వాన కురిసినది. దైవము ఇయ్యవలసినది ఇచ్చియేయున్నాడు. నడుమ నిలిచినది ఒక తూము తలుపు, దాని మీద ఒక చేయి. చివరి భూముల రైతుతో "దేవుడు నీకును ఇచ్చును, ఓర్చుకొనుము" అని ఎగువ రైతు చెప్పినచో ఆ మాట దైవదూషణకు సమీపమని మా అభిప్రాయము. తన చేతి పనిని దైవము మీద మోపుచున్నాడు కనుక. 1997లో చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచిన ఉద్దేశములలో ఒకటి, నీటిని వంతుల ప్రకారము చివరి మడి వరకు చేర్చుట. ఎగువవాడు తన వంతు ముగియగానే తూము దించి, దిగువవాని వంతు ముగియువరకు తాను ఎదురుచూచుట కూడ సబరే. ఆ సబరును గూర్చి ఉపన్యాసములు వినబడుట అరుదు.

ఓర్పును గూర్చి శాస్త్రము లేనివానితో మాత్రమే మాటలాడలేదు. ఉన్నవానితో ఇంకను ఖండితముగా మాటలాడినది. అప్పు పుచ్చుకొన్నవాడు ఇబ్బందిలో ఉన్నచో అతనికి వీలు కలుగువరకు గడువు ఇయ్యవలయుననియు, అసలే విడిచిపెట్టుట మరింత మేలనియు పవిత్ర ఖురానులోని అల్ బఖరా అధ్యాయము ఆదేశించుచున్నది. అనగా ఎదురుచూడవలసిన బాధ్యతను ఇచట అప్పిచ్చినవాని మీద ఉంచినది. స్తోమతు ఉండియు బాకీ తీర్చక జాప్యము చేయుట అన్యాయమని ప్రవక్త (స) హెచ్చరించిరి. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇయ్యుమనిరి. జకాతు కూడ ఇట్టిదే. నిర్ణీత ప్రమాణమునకు మించిన సొమ్ము మీద చాంద్రమానపు సంవత్సరము నిండగానే నూటికి రెండున్నర వంతున పేదల భాగము ఏర్పడును. ఆ దినము నుండి అది ధనికుని పెట్టెలో నున్న పరుల సొమ్ము. ఈ నాలుగు ఆదేశములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి తేటపడును. ఇయ్యవలసినవానికి త్వరపడుమనియు, రావలసినవానికి ఆగుమనియు ధర్మము చెప్పుచున్నది. లోకములో జరుగునది దీనికి తలక్రిందులు. రావలసినవాడు తొందరపెట్టును, ఇయ్యవలసినవాడు ఆలసించును.

ఈ తలక్రిందుల నడవడికి పల్నాడు పెద్ద మూల్యము చెల్లించినది. 1980ల నడుమ ప్రత్తి పంటపై తెల్లదోమ విరుచుకుపడినది. మందుల మీద మందులు కొట్టి, అప్పుల మీద అప్పులు చేసి, పంట చేతికి రాక 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. వారి విశ్వాసమును తూచు అధికారము మనకు లేదు. నిరాశ చెందవలదని దైవవాక్యము చెప్పుచున్నది నిజమే. ఆ వాక్యమును వారి చెవిని వేయుటకు ఎవరైనను వారి గుమ్మమునకు వెళ్ళిరా? గడువు ఇత్తునని ఒక్క అప్పులవాడు చెప్పెనా? ఒంటరిగా ఎదురుచూడవలసి వచ్చినపుడు ఓర్పు తొందరగా అరిగిపోవును. తోడుగా నలుగురున్నచో అదే ఓర్పు మరి కొన్నాళ్ళు నిలుచును. ప్రక్కింటి రైతు ముఖము వాడియున్నపుడు వెళ్ళి పలుకరించి, అప్పులవానితో తాను మాటలాడెదనని చెప్పుట కూడ ఇబాదతే.

మన కళాశాల ఆవరణ లోపలికి కూడ ఈ ప్రశ్నను తీసికొనివత్తము. బోధన రుసుము సకాలమున చేరని కారణమున సర్టిఫికేటు చేతికి రాక, తరువాతి చదువునకు దరఖాస్తు చేసికొనలేక కూర్చున్న విద్యార్థి ఉండును. ఉద్యోగ ప్రకటన కొరకు గదిలో దీపము ఆర్పక చదువుచున్నవాడు ఉండును. 2007లో రాష్ట్ర శాసనసభ చట్టము చేసి వెనుకబడిన ముస్లిము వర్గములకు నూటికి నాలుగు వంతుల రిజర్వేషను కల్పించినది. 2010 ఫిబ్రవరిలో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేయగా, అదే సంవత్సరము మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తరువుతో అది కొనసాగినది. ఆ మధ్యంతర నీడలోనే ఎన్నో తరగతుల పిల్లలు చదువులు ముగించుకొని ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు అయిరి. తుది మాట రాలేదని వారు పుస్తకము మూయలేదు. నీడ ఉన్నంతసేపు నడచిరి. ఎదురుచూచు కాలములో ఎట్లు మసలుకొనవలెనో వారిని చూచి నేర్చుకొనవచ్చును.

దీనికి మారుగా మరియొక దృశ్యము కలదు. ఇంటిలో కుమారునికి రుసుము కట్టుటకు సొమ్ము దొరకును. కుమార్తె వంతు వచ్చునప్పటికి "నసీబులో ఉన్నచో తరువాత చదువుకొనును" అను మాట వచ్చును. ఆ బాలిక తల వంచుకొని సరే యనును. ఆమె అనిన సరేలో సబర్ ఉన్నది. ఆమెతో ఆ మాట అనినవారిలో ఏమున్నదో వారే ఆలోచించుకొనవలయును. విద్యార్జన ప్రతి ముస్లిమునకు విధి యని ప్రవక్త (స) చెప్పిన మాటను వేదికల మీద చెప్పు మనమే, విధిగా ఇయ్యవలసిన దానిని నసీబునకు వదలివేయుట ఎట్లు న్యాయము?

కార్యాలయములలో కూర్చున్న మన పూర్వ విద్యార్థులకు కూడ ఒక మాట మనవి చేయుచున్నాము. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. అంతకు ముందు మాచర్ల, గురజాల ప్రాంతముల ప్రజలు జిల్లా పనికై గుంటూరు వరకు పోవలసి యుండెను. దూరము తగ్గినది. కాని బల్లకు ఇవతల నిలుచున్న ముసలివానితో "రేపు రండి" అనినచో తగ్గిన దూరము మరల పెరుగును. మీ సంతకము కొరకు వేచియున్నవాడు దైవము వేళ కొరకు వేచియున్నాడని అనుకొనవలదు. మీ వేళ కొరకు వేచియున్నాడు.

వెలుదుర్తి, బొల్లాపల్లి వైపు పల్లెలు సాగరమునకు దూరములో లేవు. అయినను కాలువ నీరు ఎక్కలేని ఎత్తునేలలు అవి. వాటి కొరకు తలపెట్టిన వరికపూడిసెల ఎత్తిపోతల పథకమునకు 2023 నవంబరు 15వ తేదీన మాచర్లలో శంకుస్థాపన జరిగినది. శంకుస్థాపన రాయి నాగలి తడుపదు. రాయి పడిన దినమునకును, మడి తడిసిన దినమునకును నడుమ గల కాలమును కొలుచుట పౌరుల పని. సాగరము విషయమున 1955కును 1967కును నడుమ పన్నెండేండ్లు పట్టినది. అంతటి మహా కట్టడమునకే పన్నెండేండ్లు చాలినవని గుర్తుచేయుట అవిశ్వాసము కానేరదు.

ఇచట కొందరు పెద్దలు ఒక సందేహము వెలిబుచ్చవచ్చును. ఇట్లు ప్రతి జాప్యమునకును మనుష్యుని నిలదీయుచు పోయినచో దైవము మీది భారము వేయుట ఎక్కడ మిగులును? పిల్లలకు ఓర్పునకు బదులు ఫిర్యాదు నేర్పినట్లు కాదా? ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. అడిగిన వెంటనే దొరకవలెనను ఆత్రము నేటి యువతలో పెరుగుచున్న మాట నిజము. మొదటి పరీక్షలో తప్పినవాడు జీవితమే తప్పినట్లు క్రుంగిపోవుచున్నాడు. అట్టివానికి మేము చెప్పునది పాత మాటయే: నీకు ఆలస్యమైనంత మాత్రమున దైవము నిన్ను విడిచినట్లు కాదు. యూసుఫ్ చెరలో ఉన్న నాళ్ళును దైవమునకు ప్రియుడే. లేమి కోపమునకు గుర్తు కాదు, కలిమి అనుగ్రహమునకు గుర్తు కాదు. నీ చేతిలోని పని చేయుము, ఫలము వచ్చు దినమును ఆయనకు విడువుము.

అయితే మొరపెట్టుకొనుట ఓర్పునకు విరుద్ధము కాదు. కుమారుని కోల్పోయిన యాఖూబు తన దుఃఖమును దైవము ముందు వెళ్ళబోసికొనెను. ఆయన ఓర్పును ఖురాను సుందరమైన ఓర్పుగా పేర్కొనినది. ఈ జిల్లాలోని వినుకొండలో 1895లో జన్మించిన గుర్రము జాషువ 1941లో వెలువరించిన గబ్బిలము కావ్యములో, గుడి లోపలికి పోనీయని పేదవాడు ఒక గబ్బిలమును పిలిచి తన మొరను శివునికి చేర్పుమని వేడుకొనును. అతడు దైవమును నమ్మనివాడు కాడు. తనకును దైవమునకును నడుమ తలుపు వేసిన మనుష్యులను నమ్మనివాడు. ఆ రెంటికి గల భేదమును జాషువ కన్న బాగుగా చెప్పినవారు అరుదు. దైవమును నమ్మువాడే అన్యాయమును దైవము పద్దులో వ్రాయుటకు ఒప్పుకొనడు.

కావున విద్యార్థులారా, ఎదురుచూపు కలిగినపుడెల్ల రెండు ప్రశ్నలు వేసికొనుడు. నేను దేని కొరకు ఎదురుచూచుచున్నానో అది ఆకాశమున ఉన్నదా, మనుష్యుని చేతిలో ఉన్నదా? ఆకాశమున ఉన్నచో దుక్కి దున్ని దుఆ చేయుడు. మనుష్యుని చేతిలో ఉన్నచో మర్యాదగా, పట్టుదలతో, నలుగురితో కలసి అడుగుడు. రెండవ ప్రశ్న ఇంకను కష్టమైనది. నా కొరకు ఎవరైనను ఎదురుచూచుచున్నారా? నా యొద్ద ఆగిపోయిన కూలి, బాకీ, సంతకము, పొగడ్త, క్షమాపణ, చదువు ఏదైనను కలదా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకొనువారు మంచి భక్తులగుదురు. రెండవ ప్రశ్నకు కూడ జవాబు చెప్పుకొనువారు ఇతరుల భక్తిని నిలబెట్టుదురు.

పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించినాడని ఈ సీమ చెప్పుకొనును. కుల భేదము లేక అందరు ఒకే చాప మీద ఒకే పంక్తిని కూర్చుండి భుజించిన భోజనమది. ఆ పంక్తిలో ఒకరు తిని లేచువరకు మరియొకరు గుమ్మము వద్ద నిలుచుండవలసిన పని లేదు. రంజాను సాయంకాలమున మసీదులో పరచు దస్తర్ఖాను కూడ అట్టిదే. అజాను వినబడగానే అందరి చేతులును ఒక్క మారే ఖర్జూరము వైపు చాచబడును. దైవము ఇచ్చు వేళ మనుష్యుల నడుమ ఆగక అట్లు అందరికి ఒక్క మారే అందవలయునని మా కోరిక. ఎదురుచూచువారికి ఓర్పును, ఇయ్యవలసినవారికి త్వరను ఆ కరుణామయుడు ప్రసాదించుగాక! ఆమీన్.